తీగలు మార్చరు, గిటార్లు మారుస్తారు

బేస్ గిటార్ సౌండు బాగోలేదని ఎవరైనా అనగానే మన దగ్గర దొరికే సలహా ఒకటే. "ఆ గిటారు తీసెయ్ బ్రదర్, మంచిది కొను." షాపువాడు అదే అంటాడు, సీనియరు అదే అంటాడు, యూట్యూబులో రివ్యూ చేసేవాడూ అదే అంటాడు. ఇందులో షాపువాడిది వ్యాపారం కాబట్టి వాడి మీద నాకు కోపం లేదు. మిగతావాళ్ళ మీదే నా గొడవంతా.

ఎందుకంటే మన ఊళ్ళల్లో బేస్ వాయించే కుర్రాళ్ళలో చాలామంది చర్చిల్లోనో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనో నేర్చుకున్నవాళ్ళు. నెలకి పదిహేను వేలో ఇరవై వేలో సంపాదించే కుర్రాడు ఈ సలహా విని, ఈఎమ్ఐ పెట్టి, జీతానికి నాలుగింతలు పోసి కొత్త గిటారు తెచ్చుకుంటాడు. తెచ్చి పాత గదిలో, పాత యాంప్‌కి తగిలించి, పాత అలవాటుతోనే వాయిస్తాడు. సౌండు అలాగే ఉంటుంది. అప్పుడు ఇంకో సలహా వస్తుంది: "ప్రీయాంప్ పెడల్ కొను." ఇదంతా చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకుందురు గానీ. బేస్ సౌండులో అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేవి వరసగా ఇవి: చేతులు, తీగలు, సెటప్, పికప్ ఉన్న చోటు, స్పీకరూ గదీ. ఆ తర్వాత యాంపూ ప్రీయాంపూ. బాడీ ఏ కర్రతో చేశారు, బ్రిడ్జి ఎంత బరువు, కేబుల్‌కి బంగారు పూత ఉందా లేదా అనేవి అన్నిటికన్నా చివర. మన జనం డబ్బు ఖర్చు పెట్టే వరస చూడండి, సరిగ్గా దీన్ని తలకిందులు చేసినట్టుంటుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన జబ్బే. ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తోందంటే ముందు ప్రొఫైలర్ పెట్టి టైమంతా ఎక్కడ పోతోందో చూడాలి. అది మానేసి కనపడిన ఫంక్షన్‌నల్లా తిరగరాసేవాడు ప్రతి టీములోనూ ఒకడుంటాడు. 1967లోనే జీన్ ఆమ్‌డాల్ అనే ఆయన చెప్పాడు: మొత్తం టైములో 5 శాతం తినే భాగాన్ని నువ్వు ఎంత వేగంగా చేసినా, సున్నా చేసేసినా, నీకు మిగిలేది ఆ 5 శాతమే. బేస్ సౌండుకి కూడా ఇదే లెక్క. కాబట్టి ముందు ప్రొఫైలింగ్ చేద్దాం.

ఒకే ఏడు, ఒకే కంపెనీ

ముందు ఇద్దరు మహానుభావుల్ని తీసుకోండి. మొదటాయన జేమ్స్ జేమర్సన్. 1960లలో డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ హిట్లలో చాలా భాగానికి బేస్ వాయించింది ఈయనే. రెండో ఆయన జాకో పాస్టోరియస్. 1976లో మొదటి సోలో ఆల్బం వేసి, బేస్ అంటే ఇలా కూడా ఉంటుందా అని లోకాన్ని నోరెళ్ళబెట్టించినవాడు.

ఇద్దరి చేతిలోనూ ప్రసిద్ధికెక్కినవి ఫెండర్ గిటార్లే. రెండూ 1962 నాటివే. ఒకటి ప్రెసిషన్, ఇంకోటి జాజ్ బేస్. రెండింటి స్కేలూ 34 అంగుళాలే. ఆ కాలంలో ఫెండర్ వాళ్ళు బాడీలకి ఎక్కువగా వాడింది ఆల్డర్ కర్ర. మరి సౌండు? నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఒకాయనది మెత్తగా, లోతుగా, దబ్బున తగిలి ఆగిపోయే సౌండు. ఇంకొకాయనది ముక్కుతో పాడినట్టు, సన్నగా సాగుతూ, మాట్లాడుతున్నట్టుండే సౌండు.

తేడా ఎక్కడినుంచి వచ్చింది? జేమర్సన్ వాడింది లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. అవి తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క. వాయించింది ఒక్క చూపుడు వేలితో. రికార్డింగుకి యాంప్ కూడా లేదు, వైరు నేరుగా కన్సోల్‌లోకి. జాకో గిటారుకి ఫ్రెట్లే లేవు, ఫింగర్‌బోర్డుకి ఎపాక్సీ పూశాడు. తీగలు స్టీలు రౌండ్‌వౌండ్లు. ఎక్కువగా వెనక పికప్ వాడుతూ, బ్రిడ్జికి దగ్గరగా మీటేవాడు. అంటే తీగ, స్పాంజి, ఫ్రెట్టు, పికప్ చోటు, వేలు. ఈ పట్టికలో కర్రకి చోటు దొరికిందా?

అసలు వీణ దగ్గరే మనం మోసపోయాం

కర్ర మీద మనకి ఇంత భక్తి ఎందుకంటే, నా అనుమానం, మన చెవులు పెరిగింది వీణల మధ్య. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలో తొలిచి చేస్తారు. అక్కడ కర్రకి నిజంగానే విలువుంది. తీగ కదలికని బ్రిడ్జి కుండకి అందిస్తుంది, ఆ కుండ, దాని పై పలక గాలిని కదిలిస్తాయి, ఆ గాలే మన చెవికి చేరుతుంది. కర్ర అక్కడ స్పీకరు పని చేస్తోంది.

ఎలక్ట్రిక్ బేస్‌లో గాలిని కదిలించే స్పీకరు వేరే ఉంది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్ట. దాని పైన స్టీలు తీగ కదిలితే దాంట్లో కరెంటు పుడుతుంది. అది చూసేది తీగ కదలికనే గానీ కర్రని కాదు. కర్ర ప్రభావం ఏదైనా ఉంటే అది తీగ శక్తిని కొంచెం తినెయ్యడం ద్వారానే రావాలి. 

సాక్ష్యాలు కావాలా? 1969లో యాంపెగ్ వాళ్ళు డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిజైనుతో బాడీ మొత్తం పారదర్శకమైన ప్లాస్టిక్‌తో బేస్ చేశారు. డానెలెక్ట్రో వాళ్ళు 1950లలోనే మామూలు హార్డ్‌బోర్డు, అదేనండీ చౌకరకం బల్లలకి వాడే అట్ట చెక్క, దాంతో గిటార్లు చేశారు. 1980 ప్రాంతంలో వచ్చిన స్టైన్‌బర్గర్‌లో తలా లేదు, కర్రా లేదు, మొత్తం కార్బన్ ఫైబరు. వీటన్నిటితోనూ పెద్ద పెద్ద రికార్డులు వచ్చాయి. ఎవరూ "అయ్యో, ఇందులో ఆల్డర్ లేదే" అని క్యాసెట్ వాపసివ్వలేదు :)

అయితే ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మెడ, అంటే నెక్, అది వేరే కథ. సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి దానికీ ఒక కంపనం ఉంటుంది. ఏదో ఒక స్వరం ఆ కంపనంతో కలిస్తే తీగ శక్తిని మెడ లాగేసుకుంటుంది, స్వరం ఠపీమని చచ్చిపోతుంది. ఫెండర్ తరహా బేస్‌లలో జి తీగ మీద 5, 6, 7 ఫ్రెట్ల దగ్గర ఈ డెడ్ స్పాట్ చాలామందికి అనుభవమే. తలభాగానికి ఒక చిన్న బరువు బిగించి చూడండి, ఆ చోటు జరుగుతుంది. కాబట్టి కొనేటప్పుడు బాడీ కర్ర పేరు అడగడం మానేసి, జి తీగ మీద ప్రతి ఫ్రెట్టూ వాయించి, ఎంతసేపు నిలుస్తోందో వినండి. పైసా ఖర్చు లేదు.

చేతులు: కానీ ఆ సామెత వద్దు

"టోన్ అంతా వేళ్ళలోనే ఉంది" అనే ఇంకో బ్యాచ్ ఉంది. వీళ్ళు కూడా నా పార్టీ కాదు. అది చెప్పి ఊరుకుంటే కుర్రాడికి ఏం చెయ్యాలో తెలీదు. వేళ్ళలో ఏముందో విడమర్చి చెప్పాలి కదా.

ఉన్నది ఫిజిక్సు. తీగని సరిగ్గా మధ్యలో మీటితే సరి సంఖ్య హార్మోనిక్స్, అంటే 2, 4, 6 వగైరా, దాదాపు పుట్టవు. నాలుగో వంతు దగ్గర మీటితే 4, 8, 12 పోతాయి. బ్రిడ్జికి దగ్గరయ్యే కొద్దీ పై హార్మోనిక్స్ బలపడి సౌండు గట్టిపడుతుంది. మెడ వైపు పోయేకొద్దీ గుండ్రంగా అవుతుంది. చేతిని ఒక పది సెంటీమీటర్లు జరిపితే వచ్చే మార్పు ఏ ప్రీయాంప్ నాబ్ తిప్పినా రాదు. ఎందుకంటే పుట్టని హార్మోనిక్‌ని ఈక్యూ పుట్టించలేదు, ఉన్నదాన్నే పెంచగలదు.

రెండోది మ్యూటింగ్. వాయించని తీగలు ఊరికే మోగుతూ ఉంటే మొత్తం సౌండు బురదైపోతుంది. దాన్ని జనం "ఈ గిటారులో క్లారిటీ లేదు" అంటారు. కుడి చేతి బొటనవేలు, ఎడమ చేతి ఖాళీ వేళ్ళు మిగతా తీగల మీద ఆనించి ఉంచితే ఆ క్లారిటీ ఫ్రీగా వస్తుంది. మూడోది, స్వరం ఎప్పుడు ఆపాలో తెలియడం. డ్రమ్స్ కిక్‌తో పాటు మొదలై, స్నేర్ పడే వేళకి ఆగిపోయే బేస్ ఎంత చౌక గిటారులోనైనా ఖరీదుగా వినపడుతుంది.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట అనే సామెత అందరూ వాడతారు. కానీ ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు! మృదంగం వాయించే విద్వాంసుడు కచేరీకి ముందు ఏం చేస్తాడో గమనించారా? ఎడమ వైపు రవ్వ ముద్ద అద్దుతాడు. సుత్తితో కొట్టి శ్రుతి సరిచేసుకుంటాడు. అంతటి విద్వాంసుడు "అంతా నా వేళ్ళలోనే ఉంది" అని కూర్చోడు. అలాగని కొత్త మృదంగమూ కొనడు. దాన్నే మన భాషలో సెటప్ అంటారు.

తీగలు, సెటప్

తంబురా చూసినవాళ్ళకి ఈ విషయం ఇట్టే అర్థమవుతుంది. బ్రిడ్జి మీద తీగ కింద ఒక నూలుపోగు పెడతారు. దాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదం పుడుతుంది, ఇంకా జరిపితే చస్తుంది. ఆ పోగు ఖరీదెంత? జేమర్సన్ స్పాంజి ముక్క ఖరీదెంత? తీగకి దగ్గరగా జరిగే మార్పు ఎప్పుడూ పెద్ద మార్పే.

తీగల్లో ముఖ్యంగా రెండు జాతులు. రౌండ్‌వౌండ్ అంటే పైన చుట్టిన వైరు గుండ్రంగా ఉండి గరుగ్గా తగిలేది. మెరుపు ఎక్కువ. 1960లలో జాన్ ఎంట్విజిల్‌తో కలిసి రోటోసౌండ్ వాళ్ళు చేసిన పని వల్ల ఇవి రాక్ సంగీతంలో స్థిరపడ్డాయి. ఫ్లాట్‌వౌండ్ అంటే చుట్టిన వైరు చదునుగా, నున్నగా ఉండేది. మెరుపు తక్కువ, లోతు ఎక్కువ. పాత సినిమా పాటల్లాంటి గుండ్రటి సౌండు కావాలని వింటేజ్ గిటార్ల కోసం వెతికే బదులు ఒక ఫ్లాట్‌వౌండ్ సెట్టు వేసి చూడండి.

రౌండ్‌వౌండ్లలో ఇంకో సంగతుంది. చేతి చెమట, చర్మపు పొట్టు, మురికి ఆ చుట్ల సందుల్లో ఇరుక్కుని పై హార్మోనిక్స్‌ని మింగేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తుప్పు దీనికి తోడు. రెండేళ్ళ నుంచీ అవే తీగలు వాడుతూ, "ఈ గిటారులో పంచ్ పోయింది, అమ్మేస్తా" అనేవాళ్ళని చూస్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు. అమ్మేసి కొత్తది కొంటారు. కొత్తది అద్భుతంగా మోగుతుంది. ఎందుకు మోగదు, దాని తీగలు కొత్తవి కదా!

"మరి జేమర్సన్ తీగలు మార్చలేదన్నావుగా?" అంటారేమో. మార్చలేదు. ఆయనకి కావలసింది ఆ చచ్చిన సౌండే, దానికి ఫ్లాట్‌వౌండ్లు సరిపోయాయి. నెలనెలా మార్చమని నేను అనడం లేదు. సౌండు గురించి ఏ నిర్ణయమైనా తీగ దగ్గర మొదలుపెట్టమంటున్నాను.

ఇక సెటప్. మన దగ్గర వేసవిలో గాలి ఎండిపోతుంది, వానాకాలంలో తడిసిపోతుంది, దాంతో పాటు మెడ వంపూ మారుతుంది. మెడ లోపల ఉండే ట్రస్ రాడ్ దాన్ని సరిచెయ్యడానికే ఉంది. తీగ ఎత్తు 17వ ఫ్రెట్ దగ్గర సుమారు 2 మిల్లీమీటర్లుంటే చాలామందికి సరిపోతుంది. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్కూ, అదే ఫ్రెట్ నొక్కి వాయించిన స్వరమూ ఒకే శ్రుతిలో ఉండాలి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్ వెనక్కి, తక్కువ పలికితే ముందుకి. పికప్ ఎత్తు ఒక స్క్రూడ్రైవర్‌తో మార్చుకోవచ్చు. ఇవన్నీ చేసుకోడానికి ఒక ఆదివారం పొద్దున్న చాలు. శ్రుతి కలవని లక్ష రూపాయల బేస్ కన్నా శ్రుతి కలిసిన పది వేల బేస్ మిక్సులో బాగుంటుందని ప్రత్యేకంగా చెప్పాలా?

పికప్ సంగతి: ఏ కంపెనీ పికప్ అన్నదాని కన్నా అది ఎక్కడుందన్నది పెద్ద విషయం. ప్రెసిషన్‌కి 1957లో వచ్చిన రెండు ముక్కల పికప్ ఉన్న చోటు ఒక సౌండు, 1960లో వచ్చిన జాజ్ బేస్ వెనక పికప్ చోటు ఇంకో సౌండు. తీగ కదలని చోట కూర్చున్న పికప్‌కి ఆ హార్మోనిక్ వినపడదు, అంతే. కాబట్టి కొనేటప్పుడు పికప్‌లు ఎక్కడున్నాయో చూసి కొనండి, తర్వాత అదొక్కటే మార్చలేరు.

నువ్వు వినేది నీ గదిని

బేస్ ఇ తీగ మూల స్వరం 41 హెర్ట్జ్. ఏ తీగ 55. ఐదు తీగల బేస్‌లో కింది బి అయితే 31. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ బెడ్రూం తీసుకోండి, 12 అడుగులు బై 10 అడుగులు. శబ్ద వేగం సెకనుకి 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య మొదటి నిలబడ్డ తరంగం లెక్క కడితే 12 అడుగులకి 47 హెర్ట్జ్, 10 అడుగులకి 56 హెర్ట్జ్ వస్తుంది. అంటే ఇ తీగ మీద రెండో ఫ్రెట్టు ఎఫ్ షార్ప్, ఖాళీ ఏ తీగ, ఈ రెండూ ఆ గదిలో ఢాం అని మోగుతాయి. పక్క స్వరాలు అంతలా మోగవు. సిమెంటు గోడలు, కార్పెట్ ఉండదు, పైగా యాంప్ తీసుకెళ్ళి మూలలో పెడతాం, అది ఇంకా పెంచుతుంది. "ఈ గిటారులో ఏ స్వరం బూమీగా ఉంది" అని గిటారు మార్చేస్తే గది మారుతుందా? యాంప్‌ని మూల నుంచి రెండడుగులు జరపండి. కుర్చీ జరపండి. హెడ్‌ఫోన్స్‌లో విని చూడండి.

ఇంకోటి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చెవి ఏ ఫ్రీక్వెన్సీని ఎంత గట్టిగా వింటుందో కొలిచారు. సౌండు తక్కువ పెట్టినప్పుడు మన చెవికి బేస్ సరిగ్గా వినపడదు. అందుకని ఇంట్లో బేస్ పెంచి, ట్రెబుల్ పెంచి, మిడ్స్ తగ్గిస్తాం. ఇంట్లో అది బ్రహ్మాండం. అదే సెట్టింగుతో చర్చిలోనో స్టేజి మీదో వాయిస్తే కింద బురద, పైన చప్పుడు, మధ్యలో స్వరం మాయం. స్వరాన్ని జనానికి వినిపించేవి మిడ్సే.

నమ్మరా? 1989లో గీతాంజలి క్యాసెట్ విన్నవాళ్ళలో ఎంతమంది దగ్గర సబ్‌వూఫర్ ఉంది? ఇళయరాజా బేస్ లైన్లు మనం టేప్ రికార్డర్లలో, బస్సుల్లో, టీ కొట్ల దగ్గర విన్నాం. ఆ చిన్న స్పీకర్లలో 41 హెర్ట్జ్ రానే రాదు. పై హార్మోనిక్స్ విని మూల స్వరాన్ని మెదడే ఊహించుకుంటుంది. అయినా ఆ లైన్లు జనం నోటితో పాడారు. అలాంటప్పుడు సబ్‌వూఫర్ కూడా లేని హాల్లో వాయించడానికి కింది బి కోసం అప్పుచేసి ఐదు తీగల గిటారు కొనమని సలహా ఇచ్చేవాళ్ళని ఏమనాలి?

వాట్ల పిచ్చి కూడా ఇలాంటిదే. 100 వాట్ల నుంచి 200 వాట్లకి పోతే పెరిగేది 3 డెసిబెల్స్. రెట్టింపు గట్టిగా వినపడాలంటే దాదాపు పదింతలు వాట్లు కావాలి. అదే, స్పీకరు సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువున్న క్యాబినెట్ కొంటే వాట్లు రెట్టింపు చేసినట్టే. ఆ అంకె స్పెక్ షీట్‌లోనే ఉంటుంది, ఎవరూ చదవరు. పైగా పెద్ద హాల్లో వినేవాళ్ళకి చేరేది డీఐ బాక్సు నుంచి మిక్సరుకి పోయిన సిగ్నలే, నీ యాంప్ కాదు. అక్కడ నీ సౌండు బాగుపడాలంటే కొత్త యాంప్ కన్నా మిక్సర్ దగ్గర కూర్చున్న అన్నతో ఒక టీ తాగడం మంచిది.

బంగారు పూత

కేబుల్ గురించి నిజాయితీగా చెప్పాలంటే ప్రభావం సున్నా కాదు. మామూలు కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పీకోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. పాసివ్ పికప్‌తో పొడుగాటి కేబుల్ వాడితే పైన కిలోహెర్ట్జుల్లో కొంచెం మెరుపు తగ్గుతుంది. గిటారులో యాక్టివ్ ప్రీయాంప్ ఉంటే అదీ లేదు. ముఖ్యమైనది పొడవు, టంకం గట్టిగా ఉండటం. పూతకి ఇందులో పనేం లేదు, జాక్ తుప్పు పట్టకుండా ఉంటుందంతే.

"నాకు తేడా వినపడుతుంది" అనేవాళ్ళకి ఒక పరీక్ష. కళ్ళకి గంతలు కట్టుకోండి. మీ ఫ్రెండు నాణెం ఎగరేసి, పడినదాన్ని బట్టి ఈ కేబులో ఆ కేబులో పెట్టి వాయించాలి. పది సార్లు. ఏదో మీరు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా అయిదు కరెక్టవుతాయి. 9 గానీ 10 గానీ కరెక్టుగా చెబితే, అది అదృష్టం కొద్దీ జరిగే అవకాశం 1024లో 11 మాత్రమే, అంటే దాదాపు ఒక శాతం. అప్పుడు నేను మీ మాట వింటాను. ఇదే పరీక్ష పాత తీగలకీ కొత్త తీగలకీ పెట్టండి, మా ఇంట్లో సంగీతం తెలియనివాళ్ళు కూడా పదికి పది చెప్తారు.

ఇదీ నా కొలబద్ద. కళ్ళు మూసుకుని పదికి తొమ్మిది చెప్పలేని తేడాకి, నెల జీతం పొయ్యమని ఇంకొకడికి చెప్పే హక్కు మనకి లేదు. మీ డబ్బు మీ ఇష్టం. అందంగా ఉందని కొనుక్కుంటారా, కొనుక్కోండి, అదీ ఒక ఆనందమే. సౌండు కోసమని మాత్రం చెప్పకండి. ఈసారి ఎవరైనా కుర్రాడు వచ్చి "అన్నా, నా బేస్ సౌండు బాలేదు, ఏం కొనమంటావ్?" అని అడిగితే ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. తీగలు వేసి ఎన్నాళ్ళైంది? 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి కలుస్తోందా? చెయ్యి ఎక్కడ పెట్టి మీటుతున్నావ్? యాంప్ ఏ మూలలో పెట్టావ్?

ఈ నాలుగింటికీ జవాబు సరిగ్గా ఉండి, అప్పటికీ సౌండు బాలేకపోతే, అప్పుడు కొత్త గిటారు గురించి మాట్లాడుకుందాం.